మికాబర్ లెక్క

విల్కిన్స్ మికాబర్ చార్లెస్ డికెన్స్ రాసిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ నవలలో ఒక పాత్ర. కథానాయకుడు కాడు. చాలా అధ్యాయాల్లో అతడి ఊసే ఉండదు. అయినా ఆ పుస్తకం చదివి ఏళ్లు గడిచాక డేవిడ్ పెళ్లిళ్లు, అతడి స్నేహితుడు స్టీర్‌ఫోర్త్ ద్రోహం, మర్డ్‌స్టోన్ కాఠిన్యం అన్నీ మసకబారినా, మికాబర్ మాత్రం బట్టతలతో, చేతికర్రతో కళ్లముందే నిలబడి ఉంటాడు. పీకలదాకా అప్పులు, ఇంటినిండా పిల్లలు, నిలకడైన పని లేదు. రేపో మాపో ఏదో ఒకటి కలిసొస్తుందన్న నమ్మకం ఒక్కటే అతడికి మిగిలిన ఆస్తి. ఆ నమ్మకం పేరు మీదే అతడు ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కాడు.

నవల 1849 మే నుంచి 1850 నవంబరు దాకా నెలనెలా భాగాలుగా వెలువడింది. ఒక్కో భాగం వెల ఒక షిల్లింగు. ‘ఫిజ్’ అన్న పేరుతో హాబ్లట్ నైట్ బ్రౌన్ బొమ్మలు వేశాడు. ఆనాటి నాణేల లెక్క తెలిస్తే ఈ పాత్ర ఇంకా బాగా అందుతుంది: పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. మికాబర్ సంసారం కూలేదీ నిలిచేదీ ఈ చిల్లర దగ్గరే.

పదకొండో అధ్యాయంలో అతడు తొలిసారి కనిపిస్తాడు. తల్లి చనిపోయాక పదేళ్ల డేవిడ్‌కు సవతి తండ్రి మర్డ్‌స్టోన్ చదువు మాన్పించి, లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర నది ఒడ్డునున్న ద్రాక్షసారా గోదాములో పనికి పెడతాడు. సీసాలు కడగాలి, చీటీలు అతికించాలి. కూలి వారానికి ఆరో ఏడో షిల్లింగులు. పిల్లవాడు తలదాచుకోవడానికి గది ఇచ్చే మనిషిగా మికాబర్ వస్తాడు. నడివయసు, కాస్త స్థూలకాయం, గోధుమరంగు పొడుగు కోటు, బిగుతు నల్ల లాగు, గుడ్డులా నున్నటి తల. బట్టలు వెలిసిపోయినా చొక్కా కాలరు మాత్రం దర్జాగా నిలబడి ఉంటుంది. కర్రకు తుప్పురంగు కుచ్చులు. కోటుకు ఒక ఒంటికంటి అద్దం వేలాడుతుంటుంది. అది అలంకారానికే, అందులోంచి చూస్తే అతడికి ఏమీ కనబడదు.

ఆ సాయంత్రం మికాబర్ మళ్లీ గోదాముకు వచ్చి పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఇంటికి తీసుకెళతాడు. దారి పొడుగునా వీధుల పేర్లు చెబుతూ, మూలమీద ఉన్న ఇళ్ల ఆకారాలు చూపిస్తూ నడుస్తాడు. పొద్దున్నే ఒంటరిగా తిరిగి రావలసిన కుర్రాడు దారి తప్పకూడదు కదా. కొన్ని వాక్యాల్లో అయిపోయే ముచ్చట ఇది. కానీ ఆ మహానగరంలో డేవిడ్‌ను ఒక మనిషిగా లెక్కలోకి తీసుకున్న మొదటివాడు మికాబర్. పదేళ్ల పిల్లవాడితో సైతం అతడు పెద్దమనిషితో మాట్లాడినట్టే మన్ననగా మాట్లాడతాడు. ఆ తర్వాత అతడు ఎన్ని తప్పులు చేసినా పాఠకుడు అతణ్ణి వదులుకోలేకపోవడానికి కారణం ఈ మొదటి నడకే.

ఇల్లు సిటీ రోడ్డులో, విండ్సర్ టెర్రస్‌లో. మేడమీద మొదటి అంతస్తులో సామానే లేదు. ఇరుగుపొరుగులకు ఆ సంగతి తెలియకుండా కిటికీ తెరలు దించి ఉంచుతారు. శ్రీమతి మికాబర్ ఒడిలో ఎప్పుడూ కవలల్లో ఎవరో ఒకరు పాలు తాగుతూనే ఉంటారు. ఇంకా నాలుగేళ్ల కొడుకు, మూడేళ్ల కూతురు, అనాథాశ్రయం నుంచి వచ్చిన ఒక పనిపిల్ల. వీధి తలుపు మీద ఇత్తడి పలక: ఆడపిల్లలకు శ్రీమతి మికాబర్ నడిపే వసతి బడి. ఆ బడికి ఒక్క పిల్ల రాలేదు, వస్తానన్నవాళ్లూ లేరు. గుమ్మం తొక్కేది అప్పులవాళ్లే. చెప్పులు కుట్టే ఆసామి పొద్దున ఏడింటికే నడవలోకి చొరబడి, పైకి చూస్తూ బాకీ కట్టమని కేకలు పెడతాడు. మికాబర్ అవమానంతో కుంగిపోతాడు. ఒక్కోసారి గడ్డం కత్తిని మెడదాకా తీసుకెళతాడు. అరగంట తిరిగేసరికి బూట్లు తళతళలాడేలా తుడుచుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ, దర్జాగా బయటికి నడుస్తాడు. శ్రీమతి మికాబర్ దీ అదే ధోరణి. మధ్యాహ్నం మూడింటికి పన్నులవాడు వచ్చాడని స్పృహ తప్పుతుంది. నాలుగింటికి రెండు చెంచాలు తాకట్టుపెట్టిన డబ్బుతో గొర్రెపిల్ల మాంసం వేయించుకుని తింటుంది. రాత్రి భోజనానికి మికాబర్ కన్నీళ్లతో వస్తాడు, ఇక జైలే గతి అంటాడు, పడుకోబోయే ముందు ఇంటికి కొత్త కిటికీలు పెట్టించడానికి ఎంతవుతుందో లెక్కవేసుకుంటాడు.

ఈ ఊగిసలాటను నటన అనుకుంటే మికాబర్ చేజారిపోతాడు. ఏడుపూ నిజమే, పాటా నిజమే. ఒకటి రెండోదాన్ని చెరపదు. ఏ క్షణంలో ఉంటే ఆ క్షణమే అతడికి లోకమంతా. అప్పు చేసి పప్పుకూడు తినే మనుషులు ఏ దేశంలోనైనా ఉంటారు గాని, దుఃఖాన్నీ పప్పుకూడునీ ఇంత నిండుగా అనుభవించేవాడు అరుదు.

ఈ హాస్యానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో డికెన్స్ దాచలేదు. ఇంట్లో జున్నుముక్క చివర తప్ప ఏమీ లేదని ఒకరోజు శ్రీమతి మికాబర్ చెబితే, డేవిడ్ తన వారం కూలిలో మిగిలిన రెండు మూడు షిల్లింగులు ఇవ్వబోతాడు. ఆమె పిల్లవాణ్ణి ముద్దుపెట్టుకుంటుంది, డబ్బు మాత్రం తీసుకోదు. వేరే సాయం అడుగుతుంది: చెంచాలూ చిన్న చిన్న వస్తువులూ ఒక్కొక్కటిగా అమ్మిపెట్టాలి, తాకట్టు పెట్టాలి. ముందు పుస్తకాలు వెళతాయి. సిటీ రోడ్డులో పాత పుస్తకాల దుకాణందారు రాత్రంతా తాగి పొద్దున మంచం దిగలేని స్థితిలో ఉంటాడు. వణికే చేతులతో నేలమీద పడి ఉన్న బట్టల జేబులన్నీ వెతికి డబ్బిస్తాడు. తాకట్టు కొట్టులో గుమస్తాకు డేవిడ్ బాగా తెలిసిపోతాడు. రసీదు రాస్తూ, ఏదీ, లాటిన్ శబ్దరూపాలు చెప్పు అని పిల్లవాణ్ణి అడుగుతాడు. బడి మానేసిన కుర్రాడు తాకట్టు కొట్టు బల్ల దగ్గర నిలబడి, గుమస్తా చెవిలో మెల్లగా వ్యాకరణం వల్లెవేస్తాడు. మికాబర్ కథలో నవ్వు గొంతుకు అడ్డం పడే చోటు ఇదే.

చివరికి ఒక ఉదయం మికాబర్ ను అరెస్టు చేసి, నది అవతల బరోలో ఉన్న కింగ్స్ బెంచ్ జైలుకు తీసుకెళతారు. తన సూర్యుడు అస్తమించాడని అతడు ఇల్లు వదిలేముందు డేవిడ్‌తో అంటాడు. అదే రోజు మధ్యాహ్నం కాకముందే జైలు ఆవరణలో హుషారుగా బంతాట ఆడుతూ కనిపించాడని తర్వాత తెలుస్తుంది. ఆదివారం డేవిడ్ చూడబోతే ఇద్దరూ చాలాసేపు ఏడుస్తారు. అప్పుడు మికాబర్ తన అనుభవసారం చెబుతాడు. చెప్పి, బీరు తెప్పించుకోవడానికి పిల్లవాడి దగ్గర ఒక షిల్లింగు అప్పు తీసుకుని, ఆ మొత్తం చెల్లించమని భార్య పేర చీటీ రాసిచ్చి, చేతిరుమాలు జేబులో పెట్టుకుని తేరుకుంటాడు.

ఆ అనుభవసారమే తర్వాత ‘మికాబర్ సూత్రం’గా ప్రసిద్ధికెక్కింది. ఏడాదికి 20 పౌన్ల రాబడి ఉన్న మనిషి 19 పౌన్ల 19 షిల్లింగుల 6 పెన్నీలు ఖర్చు చేస్తే సుఖపడతాడు. 20 పౌన్లు దాటి ఖర్చు చేస్తే కష్టాలపాలవుతాడు. నవలలో ఈ లెక్క రెండుసార్లు వస్తుంది. జైల్లో చెప్పినప్పుడు ఖర్చు 20 పౌన్ల ఒక షిల్లింగు. లండన్ వదిలి వెళ్లేముందు, పన్నెండో అధ్యాయంలో, ఎక్కువమంది గుర్తుపెట్టుకునే రూపంలో చెప్పినప్పుడు 20 పౌన్ల ఆరు పెన్నీలు.

ఆ రెండో రూపాన్ని పెన్నీల్లోకి మార్చి చూస్తే విషయం తేటపడుతుంది. 20 పౌన్లంటే 4,800 పెన్నీలు. అందులో ఆరు మిగిలితే సుఖం, ఆరు తగ్గితే దుఃఖం. అంటే రాబడిలో 800వ వంతు ఇటో అటో. సుఖానికీ దుఃఖానికీ మధ్య ఉన్న దూరం మొత్తం పన్నెండు పెన్నీలు, సరిగ్గా ఒక షిల్లింగు. జైల్లో పదేళ్ల పిల్లవాడి దగ్గర మికాబర్ బీరు కోసం తీసుకున్నదీ ఒక షిల్లింగే. డికెన్స్ ఇది కావాలని కూర్చాడో లేదో గాని, ఆ పాత్ర మొత్తం ఆ నాణెంలో ఇమిడిపోయింది. మికాబర్ కు లెక్కలు రావన్నది పొరపాటు అభిప్రాయం. అతడంత కచ్చితంగా లెక్క చెప్పగలిగినవాడు ఆ నవలలో మరొకడు లేడు. తెలియకపోవడం వల్ల అతడు మునగలేదు. తెలిసిన సంగతికీ చేతిలో ఉన్న షిల్లింగుకూ మధ్య అతడికి లంకె ఏర్పడలేదు, అంతే.

అప్పు తీర్చలేనివాణ్ణి జైల్లో పెట్టడం ఆనాటి ఇంగ్లండులో మామూలు. బాకీ వసూలు కాకపోతే అప్పిచ్చినవాడు కోర్టుకెళ్లి అరెస్టు చేయించవచ్చు. లోపలికెళ్లిన మనిషికి సంపాదన ఉండదు, కాబట్టి అప్పు తీరే దారీ ఉండదు. చాలా సందర్భాల్లో భార్యాపిల్లలు కూడా అతడితోపాటు జైలు గదిలోనే కాపురం ఉండేవారు. బయటపడడానికి ఉన్న మార్గాల్లో ఒకటి దివాలా చట్టం కింద కోర్టుకు అర్జీ పెట్టుకోవడం. మికాబర్ అలాగే విడుదలవుతాడు. తెలుగునాట ఈనాటికీ వాడుకలో ఉన్న ‘ఐ.పి. పెట్టాడు’ అన్న మాటలోని రెండక్షరాలు ఇన్సాల్వెన్సీ పిటిషన్ అన్నదానికి పొట్టిరూపం. బ్రిటిషు న్యాయవ్యవస్థతోపాటు వచ్చిన పలుకుబడి అది. ఇంగ్లండులో మామూలు అప్పులకు జైలుశిక్షను చాలావరకు ఎత్తేసింది 1869 నాటి చట్టం. అంతకు చాలాముందే మికాబర్ జైల్లో కూర్చుని, ఆ శిక్షను మార్చమని పార్లమెంటుకు మహజరు రాస్తాడు. ఖైదీలంతా వరసకట్టి వచ్చి సంతకాలు పెడతారు. కెప్టెన్ హాప్కిన్స్ అనే ఖైదీ అడిగిన ప్రతివాడికీ మొదటినుంచి చివరిదాకా గొంతెత్తి చదివి వినిపిస్తాడు.

ఆ దృశ్యం డికెన్స్ ఊహించి రాసింది కాదు. 1824 ఫిబ్రవరి 20న ఆయన తండ్రి జాన్ డికెన్స్‌ను ఒక రొట్టెల వ్యాపారికి పడ్డ 40 పౌన్ల 10 షిల్లింగుల బాకీకి అరెస్టు చేసి మార్షల్‌సీ జైల్లో పెట్టారు. జాన్ నౌకాదళ జీతాల కార్యాలయంలో గుమస్తా. ఏటా మూడు వందల పౌన్లకు పైబడిన జీతం. అయినా చాలేది కాదు. ఆ నెలలోనే పన్నెండేళ్లు నిండిన చార్లెస్‌ను హంగర్‌ఫర్డ్ స్టెయిర్స్ దగ్గర బూట్ల పాలిషు తయారుచేసే వారెన్ కార్ఖానాలో పెట్టారు. నది ఒడ్డున, ఎలుకలు తిరిగే పాత కొంపలో, పాలిషు డబ్బాలకు కాగితాలు చుట్టి చీటీలు అతికించే పని. కూలి వారానికి ఆరేడు షిల్లింగులు. అంతకు ముందే తల్లి ఎలిజబెత్ ఇల్లు నిలబెట్టడానికి బడి పెడదామని ఇత్తడి పలక తగిలించింది. చార్లెస్ ఇంటింటికీ తిరిగి ప్రకటన కాగితాలు పంచాడు. ఒక్క పిల్లా రాలేదు. తండ్రి కొన్న నవలల్ని, తనకు లోకాన్ని చూపించిన పుస్తకాల్నే, ఆ పిల్లవాడు మోసుకెళ్లి పాత పుస్తకాల దుకాణంలో అమ్మాడు. 20 పౌన్ల లెక్క కూడా మార్షల్‌సీ గదిలో చలిమంట పక్కన తండ్రి చెప్పిందే.

నిజంలోని మహజరు మాత్రం నవలలోదానంత గంభీరం కాదు. రాజుగారి పుట్టినరోజున ఆయన ఆరోగ్యం కోరుతూ ఖైదీలు తాగడానికి కొంత సొమ్ము ఇప్పించమని జాన్ డికెన్స్ అర్జీ రాశాడు. దాన్ని కొడుకు పాతికేళ్ల తర్వాత నవలలో చట్టాన్ని మార్చమనే మహజరుగా చేశాడు. తండ్రి పరువు పెంచడానికి ఒక కొడుకు చేసిన దిద్దుబాట్లలో ఇంత ముచ్చటైనది మరొకటి దొరకడం కష్టం.

నవలలోకి రాని జ్ఞాపకం ఒకటుంది. దివాలా చట్టం కింద బయటపడాలంటే ఖైదీకీ కుటుంబానికీ ఒంటిమీద బట్టలు, సొంత సామాను కలిపి 20 పౌన్ల విలువ దాటకూడదు. అందుకని చార్లెస్ తన ఒంటిమీదున్నవాటికి వెల కట్టించుకోవడానికి ప్రభుత్వ మదింపుదారు దగ్గరికి వెళ్లవలసి వచ్చింది. చిన్న తెల్ల టోపీ, పొట్టి కోటు, ముతక లాగు. జేబులో మాత్రం నాయనమ్మ ఇచ్చిన లావుపాటి వెండి గడియారం. దాంతో లెక్క 20 పౌన్లు దాటిపోయి నాన్నకు విడుదల రాదేమోనని దారి పొడుగునా భయం. మదింపుదారు నోట్లో ముద్ద నములుతూ బయటికి వచ్చి, బీరు వాసనతో, పైపైన చూసి సరిపోతుందన్నాడు. పిల్లవాడు వంగి దణ్ణం పెట్టి బయటపడ్డాడు. మే 28న తండ్రి విడుదలయ్యాడు. కొడుకును కార్ఖానా మాన్పించడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. తీరా మాన్పించాక, మళ్లీ పంపుదామని తల్లి పట్టుబట్టింది. ఆ మాట ఆయన జన్మలో మరిచిపోలేదు.

ఈ కథను డికెన్స్ ఎవరికీ చెప్పలేదు. స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్‌కు మాత్రం కొన్ని పేజీలు రాసి ఇచ్చాడు. 1870లో ఆయన చనిపోయాక ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్రలో ఆ పేజీలు అచ్చయ్యేదాకా కన్నపిల్లలకే తెలియదు. నెలనెలా షిల్లింగు పెట్టి కొని మికాబర్ ను చూసి నవ్విన పాఠకులు ఒక పిల్లవాడి గాయాన్ని చూస్తున్నామని ఎరుగరు.

అంత గాయం ఇంత నవ్వు ఎలా అయిందన్నది ఈ పాత్ర విషయంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. జవాబు ఒక చిన్న ఏర్పాటులో ఉంది. నిజంలో చార్లెస్ ఆ ఇంటి కొడుకు. నవలలో డేవిడ్ ఆ ఇంట్లో అద్దెకున్న కుర్రాడు. కొడుక్కి తండ్రి మీద హక్కుంటుంది: నన్ను ఎందుకు చదివించలేదు, ఎందుకు ఆ కార్ఖానాకు పంపావు అని నిలదీయవచ్చు. అద్దెకున్నవాడికి ఆ హక్కు లేదు, ఆ కోపం రాదు. గదీ, మన్ననా, ఆప్యాయతా దొరికితే అతడికి అంతే చాలు. డికెన్స్ తన తండ్రిని రెండుగా చీల్చాడు. పిల్లవాణ్ణి పనికి తోసిన కఠినత్వమంతా మర్డ్‌స్టోన్‌కు ఇచ్చాడు. మిగిలిన మనిషి, అంటే మాటకారి, ప్రేమగలవాడు, అప్పులపాలైనా కుంగనివాడు, మికాబర్ అయ్యాడు. బాధ్యత తీసేస్తే తండ్రిలో మిగిలేది ఎంత మనోహరమో ఆ చీలిక వల్లే కొడుక్కి కనిపించి ఉంటుంది.

ఆ ఏర్పాటు కింద ఉన్న నిజం ఒక్కచోట పైకి తేలుతుంది. విడుదలయ్యాక మికాబర్ కుటుంబం ప్లిమత్‌కు బయల్దేరుతుంది. శ్రీమతి మికాబర్ బండి మీద పిల్లలతో కూర్చుని, కింద నిలబడ్డ డేవిడ్‌ను చూస్తుంది. అప్పటిదాకా ఆమె తన కష్టాలన్నీ ఆ కుర్రాడితో ఒక ఈడుదానితో చెప్పుకున్నట్టు చెప్పుకుంది. ఆ క్షణంలో కళ్లకు కమ్మిన మంచు విడిపోయినట్టు, వీడు ఇంత చిన్నవాడా అని ఆమెకు మొదటిసారి తడుతుంది. పైకి రమ్మని సైగచేసి, కన్నతల్లిలా గుండెకు హత్తుకుంటుంది. బండి కదులుతుంది. డేవిడ్ సీసాలు కడగడానికి వెళ్లిపోతాడు. చార్లెస్‌ను అలా చూసినవాళ్లు నిజజీవితంలో ఎవరూ లేకపోయారు.

మికాబర్ బతుకు సగం మాటల్లోనే గడుస్తుంది. మాట్లాడేటప్పుడు గంభీరమైన సమాసాలతో ఎత్తుకుని, మధ్యలో దారి దొరకక ఆగిపోయి, టూకీగా చెప్పాలంటే అంటూ మామూలు మాటలోకి దిగుతాడు. ఉత్తరాల్లో మాత్రం దిగడు. ఎదురుగా కూర్చుని రాత్రంతా కులాసాగా విందు చేసినవాడే ఇంటికెళ్లి, తాను సర్వనాశనమయ్యానని ఉత్తరం రాస్తాడు. కాంటర్‌బరీలో మళ్లీ చదువుకుంటున్న రోజుల్లో అలాంటి ఉత్తరం అందుకున్న డేవిడ్ ఓదారుద్దామని బడికి పోయే దారి మళ్లించి పరుగెత్తుతాడు. దారిలో లండన్ బండి ఎదురవుతుంది. వెనక సీటులో మికాబర్, కాగితం పొట్లంలోంచి అక్రోటు కాయలు తింటూ, కోటు జేబులోంచి సీసా తొంగిచూస్తుండగా, భార్య మాటలు వింటూ హాయిగా నవ్వుతున్నాడు. దుఃఖాన్ని పూర్తిగా ఉత్తరంలో రాసేశాక అది మళ్లీ ఒంట్లో ఉండదు మరి. రాయడం వల్ల బరువు దిగడమన్నది రచయితలకు తెలిసిన సంగతే. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఆస్తి ఏదైనా ఉంటే అది ఈ మాటల సంపదే.

మికాబర్ వల్ల నష్టపోయినవాళ్లలో డేవిడ్ స్నేహితుడు ట్రాడిల్స్ గురించి చెప్పుకోవాలి. పెళ్లి కోసం పైసా పైసా కూడబెడుతున్న ఆ న్యాయవాద విద్యార్థి, కామ్డెన్ టౌన్‌లో మికాబర్ ఇంట్లో అద్దెకుంటూ, స్నేహానికి నోటు మీద సంతకం చేస్తాడు. జప్తువాళ్లు వచ్చి, కాబోయే కాపురం కోసం అతడు కొనుక్కున్న పూలకుండీని, చలువరాతి పలకతో ఉన్న చిన్న గుండ్రటి బల్లనీ కూడా పట్టుకుపోతారు. తర్వాత మికాబర్ వేడుకగా లెక్క తేలుస్తాడు. మొదటి బాకీ 23 పౌన్ల 4 షిల్లింగుల 9½ పెన్నీలు, రెండోది 18 పౌన్ల 6 షిల్లింగుల 2 పెన్నీలు, వెరసి 41 పౌన్ల 10 షిల్లింగుల 11½ పెన్నీలు. కూడిక సరిగ్గానే ఉంది. ఆ మొత్తానికి నోటు రాసి ట్రాడిల్స్ చేతిలో పెట్టి, అప్పు తీర్చేసినంత తృప్తిగా వెళ్లిపోతాడు. జాన్ డికెన్స్‌ను జైలుకు పంపిన బాకీకీ ఈ మొత్తానికీ తేడా ఒక పౌను పైచిలుకు మాత్రమే.

తెలుగు పాఠకులకు ఇక్కడ ‘కన్యాశుల్కం’ గిరీశం గుర్తురావడం సహజం. అతడూ అప్పులవాళ్లకు జడిసి ఊరు దాటినవాడే, అతడూ మాటల పుట్టే. కానీ గిరీశానికి ఎదుటివాణ్ణి బుట్టలో వేస్తున్నానని తెలుసు. మికాబర్ బుట్టలో ముందు పడేది మికాబరే. ఆ నోటు చెల్లుతుందని అందరికన్నా గట్టిగా నమ్మేవాడు అతడు.

నవల చివరికొచ్చేసరికి ఆ నమ్మకానికి పరీక్ష వస్తుంది. మోసగాడైన లాయరు యూరియా హీప్ అతణ్ణి గుమస్తాగా పెట్టుకుంటాడు. వారానికి 22 షిల్లింగుల 6 పెన్నీలు. ఏడాదికి 58 పౌన్ల 10 షిల్లింగులన్నమాట. సూత్రంలోని 20 పౌన్లకు దాదాపు మూడింతలు. అయినా చాలదు. కావాలనే హీప్ అడ్వాన్సులిచ్చి నోట్లు రాయించుకుంటూ అతణ్ణి గుప్పిట్లో పెట్టుకుంటాడు. తన మోసాల్లో భాగం పంచుతాడు. మికాబర్ ముఖంలో నవ్వు పోయేది నవల మొత్తంలో ఇప్పుడే. భార్యతో కూడా ముభావంగా ఉంటాడు. జైలు, జప్తు, ఆకలి ఏవీ చెయ్యలేని పని దొంగతనానికి తోడుండడం చేసింది. చివరికి హీప్ చేసిన ఫోర్జరీలన్నీ నెలల తరబడి చాటుగా పోగుచేసి, అందరి ముందూ పెద్ద ఉత్తరంగా చదివి బయటపెడతాడు. మధ్యలో కాగితం లాక్కోబోయిన హీప్ చేతిమీద రూళ్లకర్రతో ఒక్కటిస్తాడు. మళ్లీ నవ్వు తిరిగొస్తుంది. అప్పు ఎగ్గొట్టినా అబద్ధానికి చేతులు కలపలేడన్నది ఇక్కడ తేలిపోతుంది.

డేవిడ్ తండ్రికి మేనత్త అయిన బెట్సీ ట్రాట్‌వుడ్ సాయంతో కుటుంబం ఆస్ట్రేలియాకు ఓడ ఎక్కుతుంది. ప్రయాణానికి ముందే మికాబర్ మైనపు గుడ్డ దుస్తులు తొడుక్కుని, దుర్భిణి చంకన పెట్టుకుని, సముద్రంలో పుట్టి పెరిగినవాడిలా ఆకాశం వైపు చూస్తుంటాడు. ఎక్కేలోపల హీప్ పెట్టిన దావాలో మరోసారి అరెస్టవుతాడు. మరోసారి ఎవరో డబ్బు కట్టి విడిపిస్తారు. ఏళ్లు గడిచాక, అదే ఓడలో వెళ్లిన పెగ్గొటీ తిరిగొచ్చి చెబుతాడు: ఆ బట్టతల ఎండలో చెమటతో కరిగిపోతుందేమో అన్నంతగా మికాబర్ పనిచేశాడని, ఇప్పుడు మెజిస్ట్రేటు అయ్యాడని. ఇక్కడి బాకీలన్నీ, ట్రాడిల్స్ నోటుతో సహా, తీర్చేశాడు. జి.కె. చెస్టర్టన్ లాంటి వీరాభిమానికే ఈ ముగింపు రుచించలేదు. మెజిస్ట్రేటు మికాబర్ మికాబర్ కాడన్న అభ్యంతరంలో బలముంది. కానీ తన తండ్రికి ఇవ్వలేకపోయిన జీవితాన్ని కొడుకు ఇక్కడ ఇచ్చాడన్న సంగతి తెలిశాక, కళాపరంగా దోషమనిపించినా ఆ పేజీలు తీసెయ్యాలని ఎవరికీ అనిపించదు.

తర్వాతి కాలంలో మికాబర్ నవల దాటి బయటికి నడిచాడు. 1935లో జార్జ్ కూకర్ తీసిన సినిమాలో డబ్ల్యు.సి. ఫీల్డ్స్, 2019లో అర్మాండో ఇయనూచీ సినిమాలో పీటర్ కపాల్డీ ఆ వేషం వేశారు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఖర్చు మీద చర్చ వస్తే 20 పౌన్ల సూత్రం వినిపిస్తూనే ఉంటుంది. అయితే దాన్ని పొదుపు పాఠంగా వల్లించేవాళ్లు, చెప్పినవాడు జైల్లో ఉన్నాడనీ, విన్నవాడు పదేళ్ల కూలి పిల్లవాడనీ మరిచిపోతారు.

జాన్ డికెన్స్ మారలేదు. 1834లో మళ్లీ అరెస్టయ్యాడు, కొడుకు విడిపించాడు. కొడుక్కి పేరొచ్చాక ఆ పేరు మీద ప్రచురణకర్తల దగ్గర చేబదుళ్లు మొదలుపెట్టాడు. 1839లో చార్లెస్ తల్లిదండ్రుల్ని లండన్‌కు దూరంగా, డెవన్‌లో ఎక్సెటర్ దగ్గర ఒక చిన్న ఇంట్లో ఉంచాడు. 1841లో తన పేరు చెప్పి ఇతరులు చేసే అప్పులకు తాను బాధ్యుణ్ణి కానని పత్రికల్లో ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. అయినా 1846లో ‘డైలీ న్యూస్’ పత్రిక మొదలుపెట్టినప్పుడు విలేకరుల పని చూసే బాధ్యత తండ్రికే అప్పగించాడు. ఆ పని జాన్ బాగా చేశాడు. నవల చివరి భాగం వెలువడిన కొద్ది నెలలకే, 1851 మార్చి 31న ఆయన చనిపోయాడు. బతికేకొద్దీ నాన్న ఇంకా మంచివాడుగా కనిపిస్తున్నాడని డికెన్స్ తర్వాత స్నేహితుడితో అన్నాడు. లండన్‌లోని హైగేట్ శ్మశానంలో తండ్రి సమాధి రాతి మీద కొడుకు చెక్కించిన గుణాల్లో ఒకటి ఉల్లాసం.